పాట ముందా, బొమ్మ ముందా?

దెయ్యాల కథ చెప్పమని కూర్చున్నావు కదా అబ్బాయ్, చెబుతాను. కాకపోతే నా కథలో దెయ్యాలు ఎవరినీ పీక్కు తినవు. అర్ధరాత్రి గోతిలోంచి లేచి, నాలుగు చిందులు వేసి, కోడి కూయగానే బుద్ధిగా మళ్లీ గోతిలో దూరిపోతాయి. వాటికి పగా లేదు, పనీ లేదు. మొత్తం ఐదున్నర నిమిషాల భాగోతం. చెప్పడానికి నాకు మాత్రం గంట పడుతుంది. దాని వెనక ముగ్గురు మొండివాళ్లున్నారు మరి, ఒక్కొక్కణ్ణీ పరిచయం చెయ్యొద్దూ? చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఈ పూట ఆ లోకువ నీ వంతు. ఆ కర్ర కాస్త మంటలోకి తోసి, ఇటు జరిగి కూర్చో.

సంగతి జరిగింది మన దగ్గర కాదు, అమెరికాలో, 1929లో. ‘ది స్కెలిటన్ డాన్స్’ అని ఒక బొమ్మల సినిమా. అస్థిపంజరాల నాట్యం అన్నమాట. రంగుల్లేవు, తెలుపూ నలుపే. తీసినవాడు వాల్ట్ డిస్నీ. ఆ పేరు చెవిన పడగానే నీ మొహం వెలిగింది, చూశాన్లే. కోటలూ, రాకుమార్తెలూ, వేలకు వేలు పోసి ఎక్కే రంగులరాట్నాలూ గుర్తొచ్చి ఉంటాయి. ఆ ఏడు ఆయనకు ఇరవయ్యేడేళ్లు. కాసిని అప్పులు, ఒక అన్నగారు, ఒక ఎలుక, అంతే ఆస్తి. ఎలుకంటే మిక్కీ మౌసే అనుకో. ఎంత పేరొచ్చినా ఎలుక ఎలుకే కదా!

రెండోవాడు అబ్ ఐవర్క్స్. 1919లో కాన్సస్ సిటీలో, ప్రకటనల బొమ్మలు వేసే ఒకచోట వాల్ట్‌కి పరిచయమయ్యాడు. ఇద్దరికీ పద్దెనిమిదేళ్లు అటూ ఇటూ. వాల్ట్‌కి నోరుంది, అబ్‌కి చెయ్యుంది. వాల్ట్ మాట్లాడటం మొదలెడితే అప్పులవాడు కూడా వచ్చిన పని మరిచిపోయేవాడు. అబ్ నోట్లోంచి మాట రావాలంటే నువ్వు కాచుకుని కూర్చోవాలి. పెన్సిల్ పట్టాడా, ఇక చూసుకో. మిక్కీ బొమ్మల్లో మొదట గీసిన ‘ప్లేన్ క్రేజీ’కి రోజుకు 700 బొమ్మల దాకా వేశాడని చెప్పుకుంటారు. నువ్వు పరీక్షలో ఒక్క గుండె బొమ్మ వెయ్యడానికి ఎంతసేపు తీసుకున్నావో నాకు తెలుసు, ఆ సంగతి వదిలేద్దాం.

మూడోవాడే నా కథకు అసలు మనిషి. కార్ల్ స్టాలింగ్. 1891లో మిస్సోరి రాష్ట్రంలో లెక్సింగ్టన్ అనే ఊళ్లో పుట్టాడు. కాన్సస్ సిటీలో ఐసిస్ అనే సినిమాహాల్లో ఆర్గన్ వాయించేవాడు. సినిమాహాల్లో ఆర్గన్ ఏమిటి తాతా అంటావు. అదే చెప్పబోతున్నాను.

అప్పటి సినిమాలకు నోరు లేదు. తెరమీద మనుషులు పెదాలు ఆడిస్తారు, ఆ మాటేదో తర్వాత రాసి చూపిస్తారు. ఇంతమంది ఒకచోట చేరి కిమ్మనకుండా కూర్చోవడం మనిషి పుట్టుక పుట్టినవాడి వల్ల అవుతుందా? అందుకని హాల్లో వాద్యం ఉండేది. పెద్ద హాలైతే ముప్పై నలభైమంది బృందం, చిన్న హాలైతే ఒక పియానో, మధ్యరకానికి ఆర్గను. మన దేశంలోనూ మూకీలకు తెర ముందు హార్మోనియం, తబలా పెట్టుకుని కూర్చునేవారు. ఆర్గన్ ఆయన కళ్లు తెరమీద, చేతులు మెట్లమీద. హీరో గుర్రమెక్కితే దౌడు, తల్లి పోతే ఏడుపు, దొంగ కిటికీలోంచి దిగితే గుసగుస. ఏ ఘట్టానికి ఏ బాణీ అని పుస్తకాలు కూడా ఉండేవి. 1924లో ఎర్నో రాపే అనే ఆయన వేసిన పుస్తకంలో ప్రతి పేజీ అంచునా ఒక పట్టీ ఉంటుంది. యుద్ధం, పెళ్లి, శవయాత్ర, సముద్రంలో తుపాను, ఏది కావాలంటే ఆ పేజీ తిప్పుకోవడమే. మార్పూ మలుపూ లేని విసుక్కి కూడా అందులో బాణీ ఉంది. నా మాటల వెనక వాయించడానికి అది పనికొస్తుందని నువ్వనుకుంటున్నావు, అవునా?

ఇంకో ముచ్చట. అంతకు కొన్నేళ్ల ముందు అక్కడ ఐదు సెంట్ల హాళ్లని ఉండేవి. ఐదు సెంట్లిస్తే ఆట. ఆ రోజుల్లో ఆడవాళ్ల టోపీలు ఎంత వెడల్పంటే, ముందు వరసలో ఒకావిడ కూర్చుంటే వెనక వరసకు సినిమా లేదు. అందుకని ఆటకు ముందు తెరమీద స్లయిడు వేసేవారు, అమ్మల్లారా దయచేసి టోపీలు తీయండి అని. తీసేవారు పాపం. ఇప్పుడు ఫోన్లు కట్టేయమని వేస్తున్నారు చూడు, ఎవరు కడుతున్నారు?

సెంట్ల మాటొచ్చింది కాబట్టి డాలరు సంగతీ చెప్పేస్తాను, మళ్లీ మళ్లీ అడగకు. 1929లో డాలరంటే మన రూపాయల్లో రెండు రూపాయల పన్నెండణాల దగ్గర ఉండేది. అంత చవకా అని నోరు తెరవకు. ఆ రెండుముప్పావుతో ఇంటికెన్ని బియ్యం వచ్చేవో మా అమ్మనడిగితే చెప్పేది. అమెరికాలో మాత్రం? 1925లో ఫోర్డు కంపెనీవారి టి మోడల్ కారు, అన్నిటికన్నా చవకరకం, 260 డాలర్లకు వచ్చేది. ఈ ధర గుర్తు పెట్టుకో, ముందు ముందు పనికొస్తుంది.

ఎక్కడున్నాం? ఆఁ, ఆర్గన్ దగ్గర.

స్టాలింగ్ అలా ఏళ్ల తరబడి తెర వంక చూస్తూ వాయించాడు. బొమ్మ పరిగెడితే తను పరిగెత్తాలి, బొమ్మ ఆగితే తను ఆగాలి. బొమ్మ ముందు, పాట వెనక. ఎంత గొప్ప వాద్యగాడైనా వెనకే నడవాలి. ఈ మాట మనసులో పెట్టుకో. నా కథంతా దీనిచుట్టూనే తిరుగుతుంది.

ఇంతలో 1927 అక్టోబరులో ‘ది జాజ్ సింగర్’ వచ్చింది. సినిమాకు నోరొచ్చింది. నోరొచ్చాక ఇక హాల్లో వాద్యాలెందుకు? అమెరికా అంతటా ఆర్గన్లవాళ్లూ, ఫిడేళ్లవాళ్లూ వీధిన పడ్డారు. గోరుచుట్టు మీద రోకటిపోటు, 1929 చివర్లో షేర్ల బజారు కూడా కూలింది. 1930లో వాద్యగాళ్ల సంఘం పత్రికల్లో పెద్ద పెద్ద ప్రకటనలు వేయించింది. ఇనపమనిషి సంగీతం వాయిస్తున్నట్టు బొమ్మలు, డబ్బాలో పెట్టిన పాట వద్దు బాబోయ్ అని మొర. ఎవరు వింటారు? చెవిటివాడి ముందు శంఖమే. ఇవాళ యంత్రాలొచ్చి మన పనులు లాక్కుంటాయని మీరంతా గుండెలు బాదుకుంటున్నారు కదా, ఆ ఏడుపు తొంభై ఏళ్ల పాతది నాయనా.

స్టాలింగ్ అదృష్టవంతుడు. రోడ్డున పడకముందే పాత స్నేహితుడు తలుపు తట్టాడు. అది చెప్పాలంటే ఎలుక దగ్గరికి వెళ్లాలి.

1928 మొదట్లో వాల్ట్ చేతిలోంచి ఒక కుందేలు జారిపోయింది. ఓస్వాల్డ్ అని దాని పేరు. బొమ్మలు వేసింది వీళ్లే, హక్కులు మాత్రం ఇంకొకరివి. కాగితం సరిగా చదువుకోకుండా సంతకం పెడితే ఇంతే. పనివాళ్లను కూడా ఎక్కువమందిని అవతలివాళ్లు ఎగరేసుకుపోయారు. అబ్ మాత్రం కదల్లేదు. అప్పుడు పుట్టింది మిక్కీ. రెండు మూకీలు తీశారు, కొనేవాడు లేడు. మూడోదానికి ధ్వని పెడదామన్నాడు వాల్ట్. అదే ‘స్టీంబోట్ విల్లీ’.

బొమ్మకూ పాటకూ పొత్తు కుదురుతుందా అని ముందు వాళ్లకే అనుమానం. స్టూడియోలో ఒక రాత్రి ప్రయోగం చేశారు. దుప్పటి తెరగా కట్టారు. ప్రొజెక్టర్ చప్పుడు వినబడకుండా అన్నగారు రాయ్ దాన్ని బయట పెట్టి కిటికీలోంచి వెలుగు వేశాడు. తెర ముందు వాళ్ల వాళ్ల ఇల్లాళ్లు. తెర వెనక వాల్ట్, అబ్, ఇంకా కొందరు గిన్నెలు, గరిటెలు, ఈలలు పట్టుకుని రెడీ. విల్‌ఫ్రెడ్ జాక్సన్ అనే కుర్రాడు నోటితో ఊదే హార్మోనికా వాయించాడు. మన తోలుబొమ్మలాటలో తెల్లగుడ్డ వెనక కుటుంబం కుటుంబమంతా పాడుతూ, తాళం వేస్తూ, కాళ్లకింద చెక్క తొక్కుతూ బొమ్మను ఆడించరూ, అచ్చం అదే. వెనకవాళ్లకు ఒళ్లు పులకరించింది. ముందు కూర్చున్న ఇల్లాళ్లకు అంతగా పట్టలేదట, పిల్లల కబుర్లలో పడ్డారట. ఎవరి పిచ్చి వారికానందం.

ఈ జాక్సన్ తల్లి సంగీతం టీచరు. అందుకని కుర్రాడికి మెట్రోనోము తెలుసు, టక్ టక్ అని కాలం కొట్టే పెట్టె. లెక్క అతనే చెప్పాడు. నీకు లెక్కలంటే భయమని తెలుసు, అయినా విను, ఇది తేలికే. సినిమా సెకనుకు 24 ఫ్రేములు నడుస్తుంది. పాట నిమిషానికి 120 దెబ్బలు కొడుతుందనుకో. అంటే సెకనుకు రెండు. కాబట్టి ప్రతి 12 ఫ్రేములకూ ఒక దెబ్బ. బొమ్మ కాలు పన్నెండో ఫ్రేములో నేలను తాకేట్టు వేస్తే తాళం తప్పే సమస్యే లేదు. అంతే రహస్యం. రహస్యాలన్నీ తెలిశాక ఇంతేనా అనిపిస్తాయి, తెలిసేదాకానే వాటి దర్జా.

ధ్వని ఎక్కించడానికి వాల్ట్ న్యూయార్క్ వెళ్లాడు. దారిలో కాన్సస్ సిటీలో దిగి, ఆ రెండు మూకీలనూ స్టాలింగ్ చేతిలో పెట్టి వీటికి సంగీతం రాయమన్నాడు. పాత స్నేహితుడు తలుపు తట్టాడన్నానే, అది ఇదే. న్యూయార్క్‌లో మొదటిసారి రికార్డింగ్ బెడిసింది. వాద్యబృందం పెద్దాయన బొమ్మ వేగాన్ని లక్ష్యపెట్టలేదు. డబ్బులు మొత్తం బూడిదలో పోసిన పన్నీరు. అన్నగారికి కబురెళ్లింది, నా కారు అమ్మేయి అని. మూన్ కంపెనీ కారు, వాల్ట్‌కి ప్రాణం. అమ్మేశారు. ఈసారి ఫిల్ము మీదే ఎగిరే బంతి గుర్తు వేసి, దాన్ని చూసి కొట్టండయ్యా అన్నారు. కుదిరింది. 1928 నవంబరు 18న బ్రాడ్వేలో కాలనీ థియేటర్లో పడింది. దానికైన ఖర్చు 5 వేల డాలర్లకు కాస్త తక్కువ. ఇందాక కారు ధర గుర్తు పెట్టుకోమన్నాను కదా, భాగించు. దాదాపు పందొమ్మిది కార్లు. ఏడెనిమిది నిమిషాల ఎలుక మీద పందొమ్మిది కార్లు పెట్టాడంటే మనవాళ్లయితే పిచ్చి కుదిరింది రోకలి తలకు చుట్టండి అని ఉండేవారు. అక్కడా అనే ఉంటారు. జనం మాత్రం విరగబడి చూశారు.

ఇక అసలు కథ. స్టాలింగ్ డిస్నీ కొలువులో చేరాడు. చేరగానే గొడవ మొదలైంది. వాల్ట్ అనేది, నా ఎలుక ఇక్కడ తడబడుతుంది, ఇక్కడ తుమ్ముతుంది, నువ్వు బాణీ సర్దుకో అని. స్టాలింగ్ అనేది, పాటకు మొదలూ తుదీ ఉంటాయయ్యా, నీ ఎలుక తుమ్మినప్పుడల్లా దాన్ని విరవలేను అని. ఇద్దరిదీ న్యాయమే. ఒక ఒరలో రెండు కత్తులు ఎలా ఇముడుతాయి?

ఇక్కడే చూడు వాళ్ల పెద్దరికం. కోర్టుకెక్కలేదు, మాటలు మానలేదు. ఒరలే రెండు చేసుకున్నారు. మిక్కీ సినిమాల్లో బొమ్మ ముందు, పాట దాని వెనక. వేరే ఇంకో వరస సినిమాలు తీద్దాం, వాటిలో పాట ముందు, బొమ్మ దాని వెనక. రెండో వరసకు ‘సిల్లీ సింఫనీస్’ అని పేరు పెట్టారు. అన్నదమ్ములు పొలం గట్టు మీద తలలు పగలగొట్టుకునేముందు ఇది ఒకసారి విని ఉంటే ఎన్ని కాపురాలు బాగుపడేవో.

ఇన్నేళ్లూ బొమ్మల వెనక నడిచిన ఆర్గన్ మనిషికి, ఒక్కసారైనా బొమ్మను తన వెనక నడిపించాలని ఉండదూ? ఆయన ఎక్కడా ఇలా చెప్పలేదు, ఇది నా ఊహ. ముసలివాళ్ల ఊహలకు ఖర్చు లేదు.

మరి మొదటి సినిమాకు కథావస్తువేమిటి? స్టాలింగే చెప్పాడు, అస్థిపంజరాలు ఆడాలి అని. ఎందుకంటావు? చిన్నప్పుడు పిల్లల పత్రికలో ఒక ప్రకటన చూశాడట, ఆడే అస్థిపంజరం అమ్మబడును అని. వెల 25 సెంట్లు. ఆ కాలపు లెక్కన మనకు ముప్పావలా. నాన్న దగ్గర మారాం చేసి ఆ పావు డాలరు పుచ్చుకుని పోస్టులో పంపాడు. రోజూ ఎదురుచూపులే. తీరా వచ్చిందేమిటయ్యా అంటే అట్టముక్క. కీళ్లు వదులుగా ఉన్న అట్ట అస్థిపంజరం, చంకల కింద నుంచి తాడు. రెండువైపులా ఇద్దరు పట్టుకుని లాగితే గెంతుతుంది. అదే నాట్యం. నువ్వయితే రివ్యూ రాసి ఒక నక్షత్రం ఇచ్చి వెనక్కి పంపేవాడివి. ఆ పిల్లాడు మాత్రం ఆ గెంతు ముప్పై ఏళ్లు మనసులో దాచుకున్నాడు. ముప్పావలాకు అంతకన్నా లాభం చేసినవాణ్ణి నేనెక్కడా చూడలేదు.

బాణీ కట్టాడు. ఎక్కువ భాగం ఆ రోజుల్లో అందరూ కాళ్లాడించే ఫాక్స్‌ట్రాట్ నడక, కాకపోతే విషాదం ధ్వనించే మైనర్ మెట్లలో. మధ్యలో నార్వే సంగీతకారుడు ఎడ్వర్డ్ గ్రీగ్ రాసిన ట్రోల్ భూతాల కవాతు. ఇందులో ఉన్నది సాంసాన్స్ అనే ఇంకో సంగీతకారుడు రాసిన మృత్యునాట్యం అని ఇప్పటికీ చాలామంది పెద్దమనుషులు చెబుతుంటారు. కాదు. శ్మశానం కనబడగానే మృత్యునాట్యం అనేస్తారు, చెవితో వినరు. మళ్లీ నీ దగ్గర ఎవరైనా అంటే మర్యాదగా సరిదిద్దు, మరీ గొంతు పెంచకు.

ఆ కాలంలోనే స్టాలింగ్ ఇంకో తమాషా కనిపెట్టాడు. వాద్యగాళ్లందరికీ ఒకే కాలం ఎలా వినిపించడం? చెవికి తగిలించుకునే హెడ్‌ఫోన్లు దొరకని రోజులు. టెలిఫోను రిసీవర్లు తెచ్చి ఒక్కొక్కడి చెవికీ తగిలించి, అందులో టిక్ టిక్ అని దెబ్బ వినిపించే ఏర్పాటు చేశాడు. ఊహించుకో, గదినిండా పెద్దమనుషులు, చేతిలో ఫిడేలు, చెవిలో టెలిఫోను, మాట్లాడేవాడు మాత్రం ఎవడూ లేడు. ఇవాళ్టి రికార్డింగ్ స్టూడియోల్లో క్లిక్ ట్రాక్ అంటారే, దానికి తాతల్లో ఇదొకటి.

బొమ్మల పని అబ్‌ది. ఐదున్నర నిమిషాలంటే దాదాపు 8 వేల ఫ్రేములు. ముఖ్యమైన బొమ్మలు నువ్వు వేసి, మధ్యవి కుర్రాళ్లకు వదిలేయమని వాల్ట్ పోరాడు. ఖర్చు తగ్గుతుంది కదా. అబ్ ఒప్పుకోలేదు. నా దెయ్యాల ఎముకలు నేనే గీసుకుంటాను అన్నాడు. అన్నాడంటే నోటితో కాదు, గీస్తూ కూర్చున్నాడు. దాదాపు అంతా తనే గీశాడు. ఒక్క ముక్క మాత్రం లెస్ క్లార్క్ అనే కుర్రాడికి దక్కింది, ఒక అస్థిపంజరం ఇంకోదాని పక్కటెముకల మీద వాయించే ఘట్టం. బొమ్మకు ప్రాణం పోయడంలో ఆ కుర్రాడికి అదే అక్షరాభ్యాసం. ఓనమాలే ఎముకల మీద దిద్దాడు, బతికి బట్టకట్టి డిస్నీలో దశాబ్దాలు పనిచేశాడు.

తెరమీద ఏముంటుందంటే, ముందు గుడ్లగూబ కళ్లు. గాలి, గంట, గబ్బిలాలు. ఎక్కడో కుక్క మోర ఎత్తి ఏడుస్తుంది. సమాధిరాళ్ల మీద రెండు నల్లపిల్లులు ఎదురెదురుగా నిలబడి ఒకదాని ముక్కు ఒకటి పట్టి సాగదీసుకుంటాయి. ఇక అప్పుడు లేస్తుంది మొదటి అస్థిపంజరం. తర్వాత మొత్తం నాలుగవుతాయి. వరసగా నిలబడి ఆడతాయి, కాళ్లు సాగుతాయి, మెడలు ముడుచుకుంటాయి, ఒకదానిలో ఒకటి కలిసిపోయి మళ్లీ విడిపోతాయి. ఆడలేక మద్దెల ఓడు అనే వంక వాటికి లేదు, వాటి మద్దెల వాటి ఒంట్లోనే ఉంది. కోడి కూస్తుంది. కంగారు. నాలుగూ గుద్దుకుని, ఎవరి ఎముక ఎవరిదో తెలియకుండా ఒక్క ముద్దయి గోతిలో పడతాయి. ఒక జత పాదాలు బయటే ఉండిపోతాయి. లోపల్నుంచి చెయ్యొకటి వచ్చి వాటిని లాక్కుంటుంది. అయిపోయింది. నవ్వు రాలేదా? నేను చెబితే రాదు, చూస్తే వస్తుంది.

సరే, సినిమా అయింది. ఇల్లలకగానే పండగా? న్యూయార్క్‌లో అమ్మిపెట్టే పాట్ పవర్స్ దగ్గరికి పంపితే, ఇదెవడిక్కావాలి, ఎలుకలే ఇంకా పంపు అని జవాబొచ్చింది. కొన్ని నెలల కిందట ఆ ఎలుకనే ఎవరూ కొనలేదని మరిచిపోయారు! కొత్త ఒక వింత అని సామెత. వ్యాపారం చేసేవాళ్లకు మాత్రం కొత్తంటే భయం, నిన్న అమ్ముడుపోయిందే వాళ్లకు అందం. లాస్ ఏంజెలిస్‌లో ఒక హాలు మేనేజరు పొద్దుటి ఆటకు వేసి చూశాడు. ఉన్న నలుగురు జనం బాగానే సంతోషించారు. మేనేజరు మాత్రం మొహం చిట్లించి, మరీ భయంకరంగా ఉందండీ, జనానికి నచ్చదు అన్నాడు. జనం వెనకే కూర్చుని నవ్వుతుండగా, జనానికి నచ్చదని చెప్పేవాడు ప్రతి ఊళ్లోనూ ఒకడుంటాడు. వాడికి జీతం కూడా ఇస్తారు.

వాల్ట్ వదిలే రకమా? అదే ఊళ్లో కార్తే సర్కిల్ అని మహా గొప్ప హాలు. దాని పెద్దాయన ఫ్రెడ్ మిల్లర్‌కు ఎలాగో చూపించాడు. ఆయనకు నచ్చింది. 1929 జూన్‌లో, ముర్నౌ తీసిన ‘ఫోర్ డెవిల్స్’ సినిమాతో కలిపి వేశాడు. తంతే బూరెల బుట్టలో పడ్డట్టయింది. ఆ వెనకే న్యూయార్క్‌లో రాక్సీ హాలు అడిగి వేసుకుంది. రాక్సీ అంటే దాదాపు ఆరువేలమంది కూర్చునే హాలు. అక్కడ వాద్యబృందం నడిపేవాడెవరో తెలుసా? ఇందాక చెప్పిన పట్టీల పుస్తకం ఆయన, ఎర్నో రాపే. అంతమంది వాద్యగాళ్లు కొలువై ఉన్న చోట, డబ్బాలో పట్టిన పాటకు ఎముకలు ఆడాయి. కాలం చేసే చమత్కారాలు ఇలాగే ఉంటాయి. ఆగస్టుకల్లా కొలంబియా కంపెనీ వచ్చి ఆ వరస మొత్తం మేం పంచుతాం అంది. 1939 దాకా 75 వచ్చాయి. 1932లో ‘ఫ్లవర్స్ అండ్ ట్రీస్’తో నిండు రంగులూ, ఆస్కారూ కూడా ఆ వరసకే దక్కాయి. మన తెలుగు సినిమాకు నోరు వచ్చి ‘భక్త ప్రహ్లాద’ పాడింది కూడా ఆ రోజుల్లోనే.

ముగ్గురూ కలకాలం సుఖంగా ఉన్నారు అని ముగించమంటావా? అలా ముగిసేవి చందమామ కథలు. 1930 జనవరిలో అబ్ వెళ్లిపోయాడు. అతను వేసి పెట్టిన ఫ్రేముల లెక్కల కాగితాలు వాల్ట్ రాత్రిపూట దిద్దేస్తున్నాడని కోపం. పైగా ఆ పవర్సే, ఎలుకలే పంపమన్నాడే ఆయనే, వేరే స్టూడియో పెట్టిస్తానని లాగాడు. స్టూడియోలో తనకున్న నూటికి ఇరవై వాటా 2,920 డాలర్లకు వదిలేసుకున్నాడు. మన లెక్కన 8 వేల రూపాయలు. ఆ వాటా ఇవాళ ఎంతయ్యేదో నువ్వు నీ ఫోనులో లెక్క చూడకు, అన్నం సయించదు. ఆ వెంటనే స్టాలింగ్ కూడా మూట సర్దాడు. అబ్ లేకపోతే ఇక ఈ కొట్టు మూసేసినట్టే అని ఆయన లెక్క. సంగీతంలో తాళం తప్పనివాడు, జోస్యంలో తప్పాడు.

ఎవరూ చెడిపోలేదులే, కంగారు పడకు. అబ్ పదేళ్లు అటూ ఇటూ తిరిగి 1940లో మళ్లీ వాల్ట్ దగ్గరికే వచ్చాడు. కెమెరాలతో మాయలు కనిపెట్టాడు, రెండు ఆస్కార్లు తెచ్చుకున్నాడు. స్టాలింగ్ 1936లో వార్నర్ బ్రదర్స్‌లో చేరి 1958 దాకా 600కు పైగా బొమ్మల సినిమాలకు సంగీతం కట్టాడు. నువ్వు చిన్నప్పుడు అన్నం తినకుండా చూసిన బగ్స్ బనీ కుందేలు వెనక గింగిరాలు తిరిగే సంగీతం ఉంటుందే, ఆ చెయ్యి ఆయనదే. కుందేలు అడుగు వెయ్యకముందే సంగీతం అడుగు వేస్తుంది అక్కడ, గమనించావా?

అమెరికా చట్టం ప్రకారం 2025 జనవరి 1తో ఈ సినిమా మీద హక్కులన్నీ తీరిపోయాయి. ఇప్పుడది ఎవరి సొత్తూ కాదు, అందరి సొత్తు. కాబట్టి ముప్పావలా కూడా నిన్ను అడగను. ఒక పని మాత్రం చెయ్యి. ముందు చప్పుడు లేకుండా చూడు. తర్వాత కళ్లు మూసుకుని విను. అప్పుడు రెండూ కలిపి మూడోసారి. రేపు ఇదే వేళకు వచ్చి, ఆ పోట్లాటలో నువ్వయితే ఎవరి పక్షమో, వాల్ట్ వైపో స్టాలింగ్ వైపో, నాకు చెప్పాలి. ఇద్దరిదీ నిజమే తాతా అని గోడమీద పిల్లివాటంగా అన్నావంటే మాత్రం కథ మళ్లీ మొదట్నుంచి చెబుతాను, జాగ్రత్త.